పిండిమరలో మాటలు

ఆ బండికి పిండిమర అని పేరు పెట్టింది మాస్టారి భార్య. కొన్నరోజే పెట్టేసింది.

ఎవరో వాడినన్నాళ్ళు వాడి వదిలించుకున్న పాత ఇల్లు బండి అది. వెనక ఒకరు హాయిగా, ఇద్దరైతే సర్దుకుని పడుకునే మంచం, ఒంటి పొయ్యి, గోడకి మడిచిపెట్టే బల్ల, రెండు గిన్నెలు పెడితే నిండిపోయే సింకు. ముందు రెండు సీట్లు. ఆ రెండింటి మధ్య, మొగుడూ పెళ్ళాల తగువు తీర్చడానికని వచ్చి మళ్ళీ లేవని పెద్దమనిషిలా, ఇంత ఎత్తున ఒక బానెట్. ఇంజను దాని కిందే ఉంటుంది. తాళం తిప్పగానే ఆ పెద్దమనిషి అందుకునేవాడు. ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు.

"పిండిమరలో కూర్చున్నట్టుందండీ!" అని మొదటిరోజు ఆమె ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. అంతే, ఆ తర్వాత బండి కదులుతున్నంతసేపూ ఇద్దరూ సైగలతోనే కాపురం చేశారు. రెండు వేళ్ళతో డాష్‌బోర్డు మీద తడితే టీకి ఆపమని. అరచెయ్యి కిందికి ఊపితే నెమ్మదిగా పొమ్మని. ఆయన ఎప్పుడైనా పక్కకి తిరిగి చూస్తే ఆమె కనుబొమలెగరేసేది, ఏమిటని. ఆయన అరచెయ్యి వెల్లకిలా తిప్పేవారు. ఏమీ లేదు, ఊరికే.

ఆమె పోయాక బండి షెడ్డులో టార్పాలిన్ కింద ఉండిపోయింది. అమ్మేయడానికి మనసొప్పలేదు, నడపడానికి ఓపిక లేదు. మాస్టారు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు రోజు మొత్తం మీద ఆయన నోటి వెంట వచ్చే మాటలు ఒక టీ కప్పులో పట్టేస్తాయి.

అలాంటి మనిషిని అత్తగారు అడగక అడగక మాటలే అడిగింది.

ఆయన బావమరిది సోఫాలు కుడతాడు. ముందు దుకాణం, వెనక ఇల్లు. రోడ్డు వెడల్పు చేస్తామని ఆ వరసంతా ఖాళీ చెయ్యమన్నారు. కొండలకి అవతల ఉన్న పెద్ద ఊళ్ళో అతని భార్య అన్నదమ్ములు చోటిస్తామన్నారు. మెషీన్లూ సామానూ మూటా ముల్లే సర్దుకుని అక్కడికి మారిపోతున్నాడు. చిక్కల్లా తల్లితోనే. ఆవిడ నడుము కాసేపు కూర్చుంటే మొరాయిస్తుంది. బస్సు కుదరదు, కారూ కుదరదు.

"నీ డబ్బాలో మంచం ఉందిగా బావా," అన్నాడు బావమరిది, నోట్లో మేకులు పెట్టుకునే. "నేను సామాన్ల లారీలో ముందు పోతా. అమ్మని నువ్వు పడుకోబెట్టి తీసుకొచ్చెయ్."

"ముందు ఆ మేకులు తీసి మాట్లాడరా. మింగావంటే ఆస్పత్రికో ప్రయాణం."

"నా కడుపు నా సోఫాల కంటే గట్టిది. వస్తావా రావా?"

అత్తగారు లోపలి గది గుమ్మంలో నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ అల్లుడితో మాట్లాడేది అక్కడి నుంచే, గడప దాటకుండా, తలుపు రెక్క పట్టుకుని. చెవి మిషన్ సరిచేసుకుని అంది:

"నేను పడుకుని రాను అల్లుడుగారూ. మీ పక్కన, ముందు సీట్లో కూర్చుంటా. నడుము ఒప్పుకున్నంతసేపు కూర్చుని తర్వాత ఒరుగుతా."

"ముందంతా మోత అత్తయ్యగారూ. మీరు తట్టుకోలేరు."

"ఐతే మోత తగ్గించండి."

అదేదో కూరలో ఉప్పు తగ్గించమన్నట్టు అంది. మాస్టారు బావమరిది వైపు చూశారు. బావమరిది సోఫా వైపు చూశాడు.

"మా అమ్మాయి మీ ఇంటికొచ్చేనాటికి జడ సరిగ్గా అల్లుకోవడం కూడా రాదు దానికి," అంది అత్తగారు. "అంతవరకే నాకు తెలుసు. ఆ తర్వాత చుట్టపుచూపుగా వచ్చేది, ఎప్పుడడిగినా బాగున్నానమ్మా అనేది, బస్సెక్కేది. తల నెరిసిన మా అమ్మాయి ఎలా ఉండేదో నేనెరగను. ఆ పిల్ల మీ దగ్గరే ఉంది. దారిలో చెప్పండి. వింటా."

బావమరిది నోట్లోంచి మేకులు తీసి దోసిట్లో పోసుకున్నాడు.

"ఆ చెప్పేదేదో ఇక్కడే చెప్పొచ్చు కదమ్మా."

"ఇక్కడా? ఇక్కడ నీ సుత్తి, నీ మెషీను, నీ పెళ్ళాం సీరియలు. నాకున్నదొకటే చెవి. అదీ సెలవు తీసుకునేట్టుందని డాక్టరు చెప్పనే చెప్పాడు. ఆ ఊరెళ్ళాక మీ బావ మళ్ళీ వచ్చేసరికి ఉంటుందో ఉండదో. ఐనా మీ బావని ఎదురుగా కూర్చోబెడితే నోరు పెగులుతుందా? పక్కన కూర్చోబెడితేనే మాట్లాడతారని మీ అక్కే చెప్పింది నాకు."

ఆ మాట మాస్టారికి సూటిగా తగిలింది. నిజమే. నిండిన క్లాసులో గంటలకొద్దీ మోగిన గొంతు, ఒక్క మనిషి ఎదురుగా కూర్చుంటే ఎండిపోతుంది. రోడ్డు మీద కళ్ళు పెట్టుకుంటే ఏమో, వస్తుందేమో. ఇన్నాళ్ళూ ఆమెని మరిచిపోమన్నవాళ్ళే గానీ ఆమె గురించి చెప్పమన్నవాళ్ళు లేరు.

"చూస్తానత్తయ్యగారూ," అన్నారు. అన్న మరుక్షణమే నీరసం ముంచుకొచ్చింది.

*

మెకానిక్ వచ్చి తన వంతు చేశాడు. పొగగొట్టం మొదట్లో కాలిపోయిన గాస్కెట్ మార్చాడు. ఇంజను కూర్చునే రబ్బరు దిమ్మలు అప్పడాల్లా అణిగిపోయి ఉంటే కొత్తవి వేశాడు. బండి వణుకు తగ్గింది, పొగగొట్టం ఈల ఆగింది. లోపల మోత మాత్రం కొంచెమే తగ్గింది.

"ఇక మిగిలింది లోపలి పని. అది నాది కాదు," అని చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

"లోపలి పనంటే నాదే," అన్నాడు బావమరిది.

అతనికో సిద్ధాంతం ఉంది. మోత అంటే గట్టి చోట తగిలి ఎగిరిపడేది. మెత్త పరిస్తే అందులో కూరుకుపోయి నిద్రపోతుంది. జీవితమంతా మనుషుల్ని మెత్త మీద కూర్చోబెట్టి వాళ్ళ నోళ్ళు మూయించినవాడికి అలా తోచడం సహజమే. దుకాణంలో మిగిలిన ఫోమంతా తెచ్చాడు. బానెట్‌కి, తలుపులకి, కాళ్ళ దగ్గర, పైకప్పుకి పరిచి, పైన ముదురు ఎరుపు రెగ్జిన్ తొడిగి, గళ్ళు గళ్ళుగా బొత్తాలు కూడా కుట్టాడు.

మాస్టారి పని పాత గమ్ము గోకడం, కొత్త సొల్యూషన్ పూసిన చోట అది పట్టేదాకా అరచేత్తో అదిమి ఉంచడం. మోకాళ్ళు పట్టేసేవి. లేవాలంటే స్టీరింగు పట్టుకుని లేచేవారు. మధ్యాహ్నానికి చేతివేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయేవి. సాయంత్రానికి ఆయనకి ఆ మనుషుల మీదా, ఆ బండి మీదా, ఆ ప్రయాణం మీదా సమానంగా విసుగు పుట్టేది. ఐతే రాత్రి పడుకోగానే నిద్ర పట్టేస్తోందని మాత్రం గమనించారు. అది చాలాకాలంగా లేదు.

"పెళ్ళివారి బండిలా ఉంది చూడు బావా," అన్నాడు బావమరిది ఆఖరి బొత్తం బిగించి.

"పెళ్ళికూతురు నీ తల్లా?"

"పెళ్ళికొడుకు దొరికితే చెప్పు. బొత్తాలు ఊరికే కుడతా."

మర్నాడు అత్తగారిని ఎక్కించుకుని ఊరి చివరిదాకా వెళ్ళి వచ్చారు. బండి వేగం అందుకున్నాక మాస్టారు గొంతు పెంచి, "చలిగా ఉందా అత్తయ్యగారూ?" అన్నారు. ఆవిడ చెవి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ మిషన్ మంచీ చెడ్డా చూడదు, దొరికిన మోతనల్లా తీసుకెళ్ళి చెవిలో గుమ్మరిస్తుంది. కాసేపు ఓర్చుకుని, చివరికి దాన్ని తీసి, నడుముకి దోపుకున్న చిన్న డబ్బీలో పెట్టి మూత నొక్కింది. ఆ మూత పడిన చప్పుడు ఆయనకి వినపడలేదు, కనపడింది.

తిరిగొచ్చాక ఆవిడ దిగుతూ, "బాగా కుట్టాడు," అంది, తన మాట తనకే వినపడనివాళ్ళు అనేటంత గట్టిగా.

"మోత సంగతేమంది?" అని ఆత్రంగా అడిగాడు బావమరిది.

"నీ కుట్టు బాగుందిట. మనం సోఫా చేశాం రా. మోత వచ్చి అందులో కాళ్ళు చాపుకుని కూర్చుంది."

బావమరిది టైరుని ఒక తాపు తన్నాడు. తన కాలికే తగిలింది.

మాస్టారు అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. ఇక చాలనిపించింది. అన్నీ సర్దేసి, అంబులెన్సులాంటి బండేదైనా మాట్లాడి ఆవిడని పంపించేస్తే సరి. ఆవిడకి కావలసిన పిల్ల తన దగ్గర ఉండిపోతుంది, తనతోనే పోతుంది. ఎంతమంది జ్ఞాపకాలు అలా పోవడం లేదు! ఆ మాట పైకి అనబోయారు. బావమరిది తలొంచుకుని, చెప్పు విప్పి బొటనవేలు నొక్కుకుంటున్నాడు. అనలేకపోయారు.

*

ఆ మధ్యాహ్నం గాలి లేచింది. దుమ్ము లోపలికి కొడుతోందని షెడ్డు షట్టరు దించేశారు. బానెట్ దగ్గర కొంచెం కమురు వాసన వచ్చిందని, ఫోము ఎక్కడైనా వేడికి తగులుతోందేమో చూడ్డానికి బావమరిది వైరు దీపం పట్టుకుని బండి కిందికి దూరాడు. ఇంజను పక్కన దీపం తగిలించి, కింద నుంచే ఎవరినో తిడుతున్నాడు, బహుశా ఫోముని.

చీకట్లో కాళ్ళు నొప్పులు పుట్టి మాస్టారు తడుముకుంటూ బండి ఎక్కి, చేతికందిన సీట్లో కూర్చున్నారు. కూర్చున్నాక తెలిసింది, అది ఆమె సీటు. అన్నేళ్ళలో ఆయన ఎన్నడూ అందులో కూర్చోలేదు. బండి నడిపేది ఆయనే. ఆ సీట్లోంచి స్టీరింగు ఎంత దూరంగా ఉందో, అక్కడ కూర్చునేవాడు పక్క నుంచి ఎంత పిచ్చివాడిలా కనిపించి ఉంటాడో అనుకుంటూ కాళ్ళు చాపారు.

ఆయన మేజోడు మీద సన్నటి వెలుగు గీత పడింది.

"ఒరేయ్, ఆ దీపం కదపకు!"

"కదపలేదు. ఏమైంది, తేలు కుట్టిందా?"

"పైకి రా."

బానెట్ అంచు చుట్టూ నేలకి అతుక్కుని రబ్బరు బీడింగ్ ఉంటుంది. దాని మీంచే కార్పెట్టు మడత వచ్చింది. అన్ని వైపులా చీకటే, బీడింగ్ బిగువుగానే ఉంది. ఈ సీటు ముందు, సరిగ్గా కాళ్ళు పెట్టే చోట మాత్రం జానెడు మేర వెలుగు తెరలా లోపలికి వస్తోంది. వెలుగుకి దారి ఉన్నచోట మోతకి దారి ఉండదా? ఇన్నాళ్ళూ గోడలన్నిటికీ పరుపులు కట్టి వాకిలి బార్లా తెరిచిపెట్టారు ఇద్దరూ.

బావమరిది బోర్లా పడుకుని కార్పెట్టు ఎత్తి వేలితో తడిమాడు.

"ఇది అరిగింది కాదు బావా. ఎవరో ముక్క కోసేశారు." మళ్ళీ తడిమాడు. గొంతు మారింది. "నా పళ్ళ కత్తెర!"

"ఏమిటీ?"

"గుడ్డ అంచు పీచులు లేవకుండా పళ్ళు పళ్ళుగా కోస్తాం చూడు, ఆ కత్తెర. ఇదిగో, అచ్చం అదే పన్ను. ఎప్పుడో మాయమైంది. ఆ కత్తెర కోసం మా ఆవిణ్ణి ఎన్ని మాటలన్నానో! రెండు పూటలు అలిగి అన్నం కూడా మానేశాను."

"ఆవిడ బతిమాలిందా?"

"లేదు. నా అన్నం కుక్కకి పెట్టింది. అక్క! అక్క కొట్టేసింది నా కత్తెర!"

మాస్టారికి నవ్వొచ్చింది. ఆపుకోబోతే దగ్గయింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వయింది. చీకటి షెడ్డులో, అంటుకుపోయిన వేళ్ళతో కళ్ళు తుడుచుకోలేక మోచేత్తో తుడుచుకున్నారు.

"సరే, దొంగ దొరికింది," అన్నాడు బావమరిది. "కొత్త బీడింగ్ ముక్క పెట్టి మూసేద్దాం."

"ఉండు. ఎందుకు కోసిందో తెలియకుండా మూయకు."

"మోతొస్తుందని తెలిసీ కోసిందంటావా?"

"తెలిసే కోసింది."

ఎందుకో మాత్రం ఆయనకి అంతుపట్టలేదు. సందు దగ్గర చెయ్యి పెట్టి చూశారు. చల్లటి ఇనుము తప్ప ఏమీ లేదు.

గాలి తగ్గాక అత్తగారు శాలువా కప్పుకుని, ఫ్లాస్కులో టీ పట్టుకుని వచ్చింది. బావమరిది షట్టరు పైకెత్తి, తల్లికి తన పరిశోధన చూపించాలన్న ఉబలాటంతో ఇంజను స్టార్ట్ చేసి, అది వేడెక్కేలోగా టీ తాగేసి, ఆవిడని చెయ్యి పట్టుకుని సీటెక్కించాడు. మోతకి ఆవిడ ముందే చెవి మిషన్ తీసి డబ్బీలో పెట్టేసింది. అతను సందు చూపిస్తూ ఏదో అరుస్తున్నాడు. ఆవిడకేమీ వినపడటం లేదు. చెప్పులు వదిలేసింది. కాళ్ళు కాసేపు అటూ ఇటూ చోటు వెతుక్కుని, సరిగ్గా ఆ సందు దగ్గరికెళ్ళి ఆగిపోయాయి. వేళ్ళు ముడుచుకుని, మెల్లగా విచ్చుకున్నాయి.

"ఇక్కడ వెచ్చగా ఉంది," అంది ఆవిడ, ఎవరూ అడగకుండానే.

మాస్టారు ఆ పాదాల వైపు చూస్తూ నిలబడిపోయారు. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు. ఆమెవీ అలాగే ఉండేవి.

ఇంజను ఆపాక, మిషన్ పెట్టుకున్నాక, సంగతంతా విని అత్తగారు, "దానికి చిన్నప్పటి నుంచీ అంతే," అంది. "కాళ్ళు చల్లబడితే నిద్రే పట్టదు. రాత్రిళ్ళు నా పొట్టకి ఆనించి పడుకునేది. మంచుగడ్డల్లా ఉండేవి." చెప్పులు తొడుక్కుంది. "మూసెయ్యండి మరి."

"ఆమె చేసుకున్నది అత్తయ్యగారూ..."

"కాళ్ళకైతే మేజోళ్ళున్నాయి అల్లుడుగారూ. చెవికే ఏమీ లేదు."

బావమరిది తల్లి వైపూ బావ వైపూ చూసి, తల గోక్కుని, "మూస్తాను గానీ అతికించను," అన్నాడు.

మర్నాడు అతను తన బొత్తాలన్నీ తనే విప్పుకున్నాడు. మాస్టారు ముట్టుకోబోతే, "నా కుట్టు నేనే విప్పుతా, నువ్వు జరుగు," అన్నాడు. మెకానిక్‌ని అడిగి తెచ్చిన బరువైన రబ్బరు షీటు, వేడికి ఆగే కంబళిలాంటి ఫెల్టు లోపల పరిచి, పైన మళ్ళీ ఎరుపు రెగ్జిన్ తొడిగాడు. వైర్లు దూరే కంతలన్నీ దీపం పెట్టి వెతికి పూడ్చారు. జానెడు సందుకి అదే రబ్బరుతో చిన్న రెక్క కుట్టాడు. దాని అంచుకి పాడైన ఫ్రిజ్ తలుపు నుంచి ఊడదీసిన అయస్కాంతం పట్టీ తొడిగాడు. వేలితో లాగితే తెరుచుకుంటుంది, వదిలితే టక్కున అతుక్కుంటుంది. బీడింగ్‌కి ఉన్న పళ్ళ అంచు మాత్రం అలాగే ఉంచాడు.

*

లారీ పొద్దున్నే వెళ్ళిపోయింది. తర్వాత వీళ్ళు బయల్దేరారు.

మోత పోలేదు. పోతుందని ఎవరూ అనుకోలేదు కూడా. ఐతే పిండిమర ఇప్పుడు పక్కవీధిలోకి మారింది. అది తిరుగుతున్నట్టు తెలుస్తుంది, అంతే.

ఊరు దాటాక అత్తగారు డబ్బీ తీసి చెవి మిషన్ పెట్టుకుంది. మొహం చిట్లించి కాసేపు చూసింది. చిట్లింపు పోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది, టిక్కెట్టు కొనుక్కున్న మనిషిలా.

పొలాలు వెళ్ళిపోయాయి, ఒక పెట్రోలు బంకు వెళ్ళిపోయింది. ఆవిడ తొందరపెట్టలేదు.

"ముందు చెవుల దగ్గర నెరిసింది," అన్నారు మాస్టారు చివరికి, రోడ్డుతో. "మిగతా అంతా నలుపే. రంగు వేసుకోమంటే, ఇక్కడ తెల్లబడితేనే మాట వింటారు జనం అనేది."

"ఊఁ," అంది అత్తగారు.

వినపడింది. ఆ ఒక్క ఊఁతో ఆయన భుజాల మీంచి ఏదో దిగినట్టయింది. ఇక ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, ఒక వరసంటూ లేకుండా. దారిలో కనపడ్డ ప్రతి బోర్డూ పెదాలు కదుపుతూ చదివేది. కళ్ళజోడు ఆయన నెత్తిన పెట్టి ఇల్లంతా వెతికేది. కిరాణా కొట్టువాడితో పోట్లాడి వచ్చి, వాడి కూతురికి పరీక్షలని మళ్ళీ వెళ్ళి పెన్ను ఇచ్చొచ్చింది. సింకులో గిన్నెలు కడుగుతూ పాడేది, ఎవరైనా వస్తే ఆపేది. ఆస్పత్రిలో నర్సుకి జడ అల్లడం నేర్పింది.

"జడా!" అంది అత్తగారు.

"చాలా బాగా అల్లేది అత్తయ్యగారూ."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. మాస్టారు ఆగారు. "ఆగకు, చెప్పు," అంది ఆవిడ అటు తిరిగే. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఏకవచనం. ఇద్దరూ అది గమనించనట్టే ఊరుకున్నారు.

కొండదారి మొదలయ్యేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది. చెప్పవలసింది ఇంకా ఉంది. చెప్పే సత్తువ లేదు. మాట మధ్యలో ఆగి, తర్వాతి మాట వెతుక్కుంటున్నారు.

"ఒకసారి ఫోనులో అడిగాను దాన్ని," అంది అత్తగారు నెమ్మదిగా. "ఆ మోత బండిలో ఎలా తిరుగుతావే, బాగు చేయించుకోరాదా అని. ఏమందో తెలుసా? ఆయన వారమంతా క్లాసుల్లో అరిచి అరిచి వస్తారమ్మా. ఇంట్లో ఉంటే నాతో మాట్లాడకపోతే బాగుండదని మాట్లాడతారు. ఆ బండి ఎక్కితే పాపం ఆ బాధ లేదు, హాయిగా నడుపుకుంటారు. నా కాళ్ళకీ వెచ్చగా ఉంటుంది, అలాగే ఉండనీ అంది. కాళ్ళ సంగతి అప్పుడు నాకు అర్థం కాలేదు."

మాస్టారు గేరు మార్చారు. మార్చవలసిన చోటు కాదది. బండి ఒకసారి మూలిగి సర్దుకుంది.

ఆ మోత తమ ఇద్దరి మధ్యా అడ్డు కూర్చుందని ఆయన ఇన్నాళ్ళూ అనుకుంటున్నారు.

పైకి వెళ్ళేకొద్దీ చలి పెరిగింది. అత్తగారు ఆయన మొహం వైపు ఒకసారి చూసింది. చెవి మిషన్ తీసి డబ్బీలో పెట్టింది. చెప్పులు వదిలి, ఎడమ పాదం పక్కవేలితో రబ్బరు రెక్కని లాగింది. పిండిమర పక్కవీధి నుంచి పరిగెత్తుకుంటూ ఇంట్లోకి వచ్చేసింది. ఆవిడ రెండు పాదాలూ అక్కడ ఆనించి, తల వెనక్కి వాల్చింది.

మాస్టారు పక్కకి తిరిగి చూశారు. ఆవిడ కళ్ళు తెరిచి, ఏమిటన్నట్టు కనుబొమలెగరేసింది.

ఆయన స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి, అరచెయ్యి వెల్లకిలా తిప్పారు.